ముఖంలో ఏమీ కనిపించకూడదు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ప్రొద్దుటూరు అంగళ్ళలో బంగారం తూచినట్టే మనిషి బుద్ధిని కూడా తూచేయవచ్చు, చేతిలో సరైన పెట్టె ఉంటే చాలు అని. సైకాలజీ చదువు ముగించి ప్రొద్దుటూరులో ఒక మానసిక వైద్యశాలలో శిక్షణకు చేరిన కొత్త. ఇంట్లో సాధన చేసుకోమని నాకొక పెట్టె ఇచ్చారు. అందులో రంగుల చెక్కబిళ్ళలు, బొమ్మల అట్టలు, ఒక స్టాప్‌వాచ్ ఉండేవి. జమ్మలమడుగు బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పక్కనున్నవాళ్ళు నగలా అని అడిగేవాళ్ళు. కాదనడానికి నాకు మనసొప్పేది కాదు.

మాకు పని నేర్పే పెద్ద మేడమ్‌ది పులివెందుల. ఆవిడ మాట కొట్టినట్టే ఉండేది, కానీ మరిచిపోవడానికి వీలుండేది కాదు. పరీక్ష చేసేవాళ్ళ ముఖంలో ఏమీ కనిపించకూడదనేది ఆవిడ మొదటి పాఠం. జవాబు ఒప్పయినా తప్పయినా ఒకటే ముఖం. "నీ మొగం జూసి జవాబు జెప్తే అది వాళ్ల తెలివి గాదు, నీ తెలివి" అనేవారు. నాకొచ్చిన చిక్కల్లా అక్కడే. నా ముఖం చూస్తే కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో మా అమ్మ వంటింట్లోంచే చెప్పగలదు. అందుకని అద్దం ముందు నిలబడి సాధన మొదలుపెట్టాను. భోజనాల దగ్గర కూడా అదే ముఖం పెడితే ఎవరేమన్నారని మా నాన్న కంగారుపడ్డాడు. బిళ్ళలతో బొమ్మ పేర్చమని మా మేనమామను కూర్చోబెడితే ఆయన పేర్చి, సరిగ్గా ఉందా లేదా అని అడిగి అడిగి, నేను ఉలకకపోయేసరికి, ఉద్యోగం రాకముందే పిల్లకు పొగరొచ్చిందని అత్తకు చెప్పుకున్నాడు. నేనైతే పరమానందపడ్డాను. నాకు ముఖం కుదిరిందన్నమాట.

ఆ ముఖంతోనే నా మొదటి పరీక్షకు కూర్చున్నాను. పెద్దముడియం వైపు పల్లె నుంచి ఒక అవ్వ తన మనవరాలిని తీసుకొచ్చింది. వాళ్ళది గొర్రెలు మేపుకునే ఇల్లు. మూడో తరగతి చదివే ఆ పిల్ల బళ్ళో నోరు విప్పదట. బుద్ధి ఎదగలేదేమో, ఆసుపత్రిలో చూపించి కాగితం తెమ్మన్నాడట అయ్యవారు. కాగితంలో అదే మాట వస్తే ఇక బడి మాన్పించి గొర్రెల వెంట పంపుతానని పిల్ల తండ్రి తేల్చి చెప్పాడట. ఇదంతా అవ్వ గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "దీనికి నోరుండాది పాపా. ఇంటికాడ గొర్రెలకు గూడా కతలు జెప్తాది. బడికి పోతేనే మూగదయితాది."

మామూలుగా ఇంటివాళ్ళను బయట కూర్చోబెడతాం. పిల్ల అవ్వ కొంగు వదలకపోవడంతో అవ్వ కూడా లోపలికొచ్చి వెనక కూర్చుంది. నేను ముఖం సర్దుకుని మొదటి ప్రశ్న అడిగాను. పిల్ల నా ముఖం చూసి తల దించుకుంది. రెండో ప్రశ్నకూ అంతే. బిళ్ళలు ముందు పెడితే చేతులు వెనక దాచుకుంది. స్టాప్‌వాచ్ తిరుగుతోంది. ఇలాగే సాగితే ఆ పిల్ల చదువు నా చేతి రాతతోనే ఆగిపోతుంది. లోపల భయం పెరిగేకొద్దీ బయట నా ముఖం ఇంకా బిగుసుకుంది. అవ్వ మాత్రం పిల్లను చూడటం మానేసి నన్నే చూస్తోంది. అన్నం తిన్నావా పాపా అని అడిగింది. మధ్యలో మాట్లాడకూడదని అదే ముఖంతో చెప్పాను. ఆవిడకు విషయం అర్థమైపోయినట్టుంది, లేచి బయటికి వెళ్ళింది.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ గుప్పిట్లో ఉప్పుంది. (ఎదురుగా ఉన్న టీ అంగడిలో అడిగి తెచ్చిందట, లోపల డాక్టరమ్మకు బాగలేదని చెప్పి. తర్వాత చాలా రోజులు ఆ అంగడాయన నా టీలో అల్లం ఎక్కువ వేసి ఇచ్చాడు.) "నువ్వు బయపడాకమ్మీ" అంది మనవరాలితో. "ఈ పాపకు శానా దిష్టి తగిలుండాది. అందుకే మొగం అట్ల బిగుసుకపోయింది." నేను వద్దనేలోపే ఉప్పు నా తల చుట్టూ తిరిగింది. దిష్టి తీయించుకునేటప్పుడు పరీక్షకురాలు ఎలా ఉండాలో నా పుస్తకంలో ఎక్కడా రాసి లేదు. చివరికి గుప్పిట నా నోటి ముందు పెట్టి ఉమ్మమంది. ఉమ్మాను. ఏం చేయను, చిన్నప్పటి అలవాటు. అంతే, ఆ పిల్ల పకపకా నవ్వింది. నేనెంత ఆపుకున్నా నాకూ నవ్వొచ్చేసింది. "నువ్వు నామింద కోప్పడతాండావనుకున్యా అక్కా" అంది పిల్ల, ఆ గదిలో మొదటిసారి నోరు విప్పి.

నవ్వులకు పెద్ద మేడమ్ వచ్చి చూసి, తిట్లతో మొదలుపెట్టారు. "మొగం కదపొద్దన్యా గానీ, ముందు బిడ్డతో నాలుగు మాటలు మాట్లాడొద్దన్యానా?" ఆ మాట ఆవిడ మొదటి రోజే చెప్పారు, నేను అద్దం గొడవలో పడి వదిలేశాను. ఆ రోజుకు పెట్టె మూయించి, ఊరికే కబుర్లు చెప్పుకోమన్నారు. తమ గొర్రెల్లో ఏది దొంగదో, ఏది ఏడుపుదో అంతా చెప్పింది పిల్ల. వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు వేరే పరీక్ష తీసి కొత్తగా మొదలుపెట్టాం. ఈసారి అవ్వ తనంతట తానే వరండాలో కూర్చుంది. లోపల బిళ్ళలు టకటకా పడుతున్నాయి, నేను అడగడం ఆలస్యం జవాబు వస్తోంది.

ఫలితం మేడమ్ చూసేదాకా ఎవరికీ చెప్పకూడదు, సైగ కూడా చేయకూడదు. నేర్చుకున్నదంతా కూడగట్టుకుని ముఖం గట్టిగా సర్దుకుని బయటికొచ్చాను. అవ్వ లేచి నిలబడింది. నా ముఖంలోకి చూసింది. నా వల్ల కాలేదు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బల్లమీద కూలబడి, ఏడుస్తూనే నవ్వింది. "ఇంగేం జెప్పాకు పాపా. కనపడతాండాది."

కాగితం బడికి వెళ్ళింది, పిల్ల బడిలోనే ఉంది. ఇప్పుడు నా ముఖం నా మాట వింటుంది. ఎంత మంచి కబురున్నా, ఎంత చెడ్డ కబురున్నా కదలదు. అదెలా సాధించారని కొత్తగా శిక్షణకు చేరిన పిల్లలు అడిగితే కాస్త గర్వంగానే చెబుతాను. కానీ వరండాలో ఎవరైనా లేచి నా ముఖంలోకి ఆశగా చూసినప్పుడు, ఏదీ దాచుకోలేని అప్పటి నాలోని ఆ పనికిరాని పిల్ల ఒక్క క్షణం నాకు తిరిగొస్తే బాగుండుననిపిస్తుంది.