తునికాకు మీద పడ్డ నింద

పోయిన నెల మా అమ్మను వెంటబెట్టుకుని బీడీ పింఛను సంగతి కనుక్కుందామని కామారెడ్డిలో ఒక ఆఫీసుకు వెళ్లాను. అమ్మ ఇప్పుడు ఎల్లారెడ్డిలో మా చెల్లెలి దగ్గర ఉంటోంది, పొద్దున మొదటి బస్సుకే వచ్చి, నా ఇంట్లో చాయ్ కూడా తాగకుండా నన్ను బయల్దేరదీసింది. కౌంటరు దగ్గరి అమ్మాయి మంచిదే, కంప్యూటర్లో చాలాసేపు వెతికి, పీఎఫ్ నంబరు లేకపోతే తన చేతిలో ఏమీ లేదని చెప్పి, "గన్నేండ్లు బీడీలు చేసినవంటున్నవ్, మరి మధ్యల ఎందుకు ఇడిసిపెట్టినవ్ అవ్వా?" అని అడిగింది. అమ్మ కొంగు సర్దుకుని, "గోడకు చెమ్మ పట్టింది బిడ్డా, అందుకే మానేసిన" అంది. ఆ అమ్మాయి నా వైపు చూసి నవ్వింది, ముసలామెకు మతి తప్పిందనుకుని ఉంటుంది. నేను నవ్వలేకపోయాను, అసలు సంగతి చెప్పనూ లేకపోయాను. కిరాయి గదుల్లో పెరిగిన నా ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చని ఇప్పుడు ఇలా రాస్తున్నాను.

మా నాన్న దుబాయి వెళ్లిన ఏడాది మేం ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చాం. నా చదువు కోసమని నలుగురికీ చెప్పుకున్నాం గానీ, బీడీ కార్ఖానా దగ్గరవుతుందన్నదే అసలు కారణం. మొగుడు దేశంలో లేని ఆడమనిషికి, అందులోనూ ఇద్దరు ఆడపిల్లల తల్లికి, ఇల్లు కిరాయికి ఇవ్వడమంటే ఆ రోజుల్లో ఓనర్లకు పెద్ద దానం చేసినట్టే ఉండేది, ఎవరెవరు వస్తారు, ఎన్నింటికి దీపం ఆర్పుతారు అని వంద ఆరాలు తీసేవాళ్లు. చివరికి ఒక ఓనరమ్మ ఇంటి వెనక ఒక గది, దాని ముందు వంటకు చిన్న వసారా దొరికాయి. ఆ గది వెనక గోడకు అవతల ఓనరమ్మ వాళ్ల స్నానాల గది ఉండేది. ఇల్లు చూసుకునేటప్పుడు గోడ అవతల ఏముందని అడగాలని మాకేం తెలుసు? తలుపుకు గొళ్లెం ఉందా, బోరింగు ఎంత దూరం అని మాత్రం చూసుకున్నాం.

మొదటి వానాకాలంలోనే గోడ మోకాలెత్తు దాకా తడిసింది, ఎండాకాలం వచ్చినా పూర్తిగా ఆరలేదు. సున్నం పొక్కులు లేచి పక్కల మీద రాలేది, బట్టల ట్రంకు అడుగు తుప్పు పట్టింది, నా పుస్తకాల అట్టలకు తెల్లటి బూజు వచ్చింది. ఆ గోడ పక్కనే పడుకునే మా చెల్లెలికి దగ్గు పట్టుకుని, ఊపిరి తీస్తే పిల్లికూతలు వినబడేవి. పైకప్పు కారితే ఓనరు చూసుకోవాలి, గోడ పాడైతే ఉన్నవాళ్లు చూసుకోవాలి అన్నది ఓనరమ్మ పెట్టిన చట్టం. అమ్మ ఏటా దసరాకు తానే సున్నం కొట్టేది, దీపావళికల్లా పొక్కులు మళ్లీ తయారు.

అమ్మ కార్ఖానా నుంచి ఆకు, పొగాకు తెచ్చుకుని ఇంట్లోనే బీడీలు చుట్టేది. తునికాకు ఎండుగా ఉంటే వంగదు, విరిగిపోతుంది, అందుకని దాన్ని సాయంత్రం నానబెట్టి, తడి గోనెలో మూటగట్టి, మరునాడు కత్తిరించి బీడీలు చుడతారు. మా మూట వసారాలో, ఆ గోడకు నాలుగు బారల దూరంలో ఉండేది. అమ్మ ఒకరోజు జంకుతూ జంకుతూ గోడ సంగతి ఎత్తితే ఓనరమ్మ గడప దాటి లోపలికైనా రాకుండా, ఆ మూట వైపు చెయ్యి చూపించింది. "దినాం ఇంట్ల గింత తడి ఆకు పెట్టుకుంటివి, చెమ్మ రాక ఏం వస్తది? ఖరాబు చేసేది నువ్వు, బాగు చేయించేది నేనా?" అంది. గది ఖాళీ చేయమంటుందేమోనన్న భయంతో అమ్మ "సరే అక్కా" అని ఊరుకుంది. స్నానాల గది వైపు వెళ్లి ఒక్కసారి చూద్దామన్న మాట ఆమె నోటి నుంచి రాలేదు.

కానీ మా అమ్మ బీడీలు మానేసింది ఓనరమ్మ మాటకు కాదు. నేనప్పుడు ఏడో తరగతి, బడిలో నీరు ఆవిరి కావడం గురించి పాఠం చదివి, లోకమంతా తెలిసిపోయిందనుకునే దాన్ని. పైగా ఓనరమ్మ చదువుకున్న మనిషి, ఇస్త్రీ చీర కట్టే మనిషి, ఆమె చెప్పిందే నిజమని నమ్మాను. చెల్లెలిని డాక్టరుకు చూపించి తీసుకొచ్చిన సాయంత్రం అది, చెమ్మ ఉన్నచోట పడుకోబెట్టొద్దని ఆయన గట్టిగా చెప్పాడు. ఇంటికి రాగానే అమ్మ అలవాటు కొద్దీ ఆకు తీసి నీళ్లలో వేసింది. నేను పుస్తకాల సంచి విసిరికొట్టి, "నీ బీడీలతోనే దానికి దమ్ము వచ్చింది. అది సచ్చేదాక చేస్తనే ఉంటవా?" అన్నాను.

అమ్మ నీళ్లలో వేసిన ఆకును తీసి, దులిపి, వాకిట్లో ఆరబెట్టింది. మరునాడు ఆకు, పొగాకు కార్ఖానాలో అప్పజెప్పి వచ్చేసింది. సరిగ్గా ఆ వారమే అక్కడ పీఎఫ్‌కు పేర్లు రాస్తున్నారు, మా గల్లీ ఆడవాళ్లంతా ఫొటోలు దిగడానికి స్టూడియోకు పోతున్నారు. అమ్మ రైస్ మిల్లులో నూకలు చెరిగే పనికి కుదిరింది, ఆ దుమ్ముకు తనూ దగ్గడం మొదలుపెట్టింది.

ఆ తర్వాతి వానాకాలంలో మా ఇంట్లో ఒక్క తునికాకు లేదు. గోడ మాత్రం ఎప్పటిలాగే తడిసింది. నేను చూశాను, నాకు అర్థమైంది, అయినా నోరు విప్పలేదు. అప్పుడు చెప్పి ఉంటే అమ్మ మళ్లీ కార్ఖానాకు వెళ్లేదేమో, తప్పు ఒప్పుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. ఇంకో రెండేళ్లకు ఓనరమ్మ వాళ్లు కొత్త టైల్స్ కోసం స్నానాల గది తవ్వించారు. మోరీలోకి పోవాల్సిన గొట్టం లోపలే పగిలి, నీళ్లన్నీ మా గోడ పునాదిలోకి పోతున్నాయి. మేస్త్రీ అమ్మను పిలిచి మరీ చూపించాడు. ఓనరమ్మ, "కట్టినోడు గట్ల కట్టిండు, నేనేం జేస్త?" అని లోపలికి వెళ్లిపోయింది. కొత్త గొట్టం వేశాక గోడ చక్కగా ఆరింది, ఆరిన గది తమ చుట్టాలకు కావాలని మమ్మల్ని ఖాళీ చేయించింది కూడా. అమ్మ కార్ఖానాకు వెళ్లి అడిగితే కొత్త పేర్లు రాయడం లేదని తిప్పి పంపారు.

ఇప్పటి పిల్లలు తెలివైనవాళ్లు. కిరాయికి దిగే రోజే గోడలకు ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటున్నారు. పైపు కారినా గోడ ఊరినా ఓనరు బాగుచేయించాలి, కిటికీలు తెరిచి గాలి ఆడనిచ్చేది, తడి కనబడగానే ఓనరుకు చెప్పేది ఉన్నవాళ్లు అని స్టాంపు కాగితం మీద రాయించుకుంటున్నారు. చూస్తే సంతోషంగానే ఉంటుంది, ఆ వెంటనే మా గోడ గుర్తుకొస్తుంది. ఈపాటి మాట మా అమ్మ తరఫున పలికే మనిషి ఆనాడు ఒక్కరు లేకపోయారు, ఉన్న ఒక్కదాన్ని నేను ఓనరమ్మ వైపు నిలబడ్డాను.

ఆఫీసు నుంచి బస్టాండుకు వచ్చాక, ఇన్నేళ్లకు, నా మాట వల్లే కదమ్మా నువ్వు బీడీలు మానేసింది అని అడిగేశాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "చిన్నపిల్లవు, నీకేం ఎరుక" అంది. బస్సు వచ్చే వైపు చూస్తూ, "అయినా నా ఆకు తడి గూడ కొంత ఉండెనేమో బిడ్డా" అంది. ఎల్లారెడ్డి బస్సు వచ్చింది, ఎక్కి కూర్చుని, ఎండలో నిలబడకుండా ఇంటికి పొమ్మని నాకు చెయ్యి ఊపింది. పగిలిన గొట్టాన్ని కళ్లారా చూసిన మనిషి, ఇంకా తన ఆకునే అనుమానిస్తోంది. ఆ అనుమానం ఆమెకు అంటించింది ఓనరమ్మ కాదు, నేను.