పొయ్యిలోకి పోయిన ఏళ్లు

మా త్రోన్సే అడవిలో ద్రాక్షసారా పీపాల కోసం ఓక్ దుంగలు చీల్చే ఆన్సెల్మ్‌ది నలభై ఏళ్లుగా ఆరితేరిన చేయి. చెట్టు ఏడాదికొకటిగా వేసే వలయాలు ఎంత దగ్గరగా ఉంటే దుంగకు అంత గిరాకీ. అందుకే కొత్తగా పనిలో చేరిన కూతురు ఒడెట్ దుంగను కోసిన వైపు చూసి మురిసింది.

"చూడు నాన్నా, ఈ వలయాల మధ్య వెంట్రుక కూడా పట్టదు."

"మురిసింది చాల్లే. అవన్నీ కరువు ఏళ్లవి. వసంతంలో చెట్టు బెజ్జాల కొయ్య వేసింది. ఆపైన వానల్లేక గట్టి కొయ్య వెయ్యనేలేదు. నొక్కి చూడు, బెండు."

ఒడెట్ నొక్కింది. గోరు దిగింది.

"నేను పుట్టిన ఏడాది?"

"అదిగో, లోపల. గట్టిదే."

"మరి మన మయేల్‌ది?"

మయేల్ ఆయన మనవరాలు, ఆరేళ్ల పిల్ల. బెరడు కిందే, ఈమధ్య ఏళ్లలో వేసిన అంచు తెల్లచెక్క పీపాకు ఎప్పుడూ పనికిరాదు. ఆన్సెల్మ్ దాన్ని గొడ్డలితో చెక్కి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇందులో ఉంది" అని, రోజూలాగే పొయ్యిలో వేశాడు.