ఆఖరి బస్సు ఎత్తుకుపోయిన క్లైమాక్స్

ఆ రోజుల్లో సినిమా చూడటమంటే దొరికింది చూడటమే. ఇప్పుడు మా మనవరాలు కూర్చున్న చోటనే మూడు సినిమాలు మార్చి, ఏదీ బాగాలేదని ఫోన్ పక్కన పడేస్తుంది. ఖతార్‌లో చమురు డబ్బుతో ఎటు చూసినా ఇళ్ళు లేస్తున్న కాలంలో, అల్ ఘర్రాఫాలో విల్లాలు కడుతున్న మా క్యాంపు మొత్తానికి ఒకటే తెలుగు క్యాసెట్టు. ప్రతి శుక్రవారం అన్నాలు తిన్నాక అదే సినిమా. ఒక గంధర్వ కన్య, ఒక పడవవాడు, వాళ్ళ ప్రేమ మీద ఒక శాపం. డైలాగులన్నీ మాకు నోటికి వచ్చు (పక్క గది పఠాన్ డ్రైవర్‌కూ వచ్చేశాయి, అర్థం మాత్రం తెలియదు).

చిక్కల్లా ఒక్కటే. సినిమా మూడు గంటలకు పైన, క్యాసెట్టు మూడు గంటలే. శాపం తగిలి కన్య శిలగా మారుతుంది, పడవవాడు చేతులు పైకెత్తుతాడు, అంతే, తెర నిండా తెల్ల చుక్కలు. పోనీ ఊళ్ళో చూసినవాళ్ళు ముగింపు చెబుతారా అంటే, చూడనివాడు లేడు, చివరిదాకా చూసినవాడూ లేడు. అందరం జగిత్యాల చుట్టుపక్కల పల్లెలవాళ్ళమే. పట్నంలో మొదటి ఆటకు పోవడం, ఆమె శిల కాగానే ఆఖరి బస్సు కోసం పరుగెత్తడం. చివరికి మా మేస్త్రీ మామ (వరసకు కాదు, వయసుకు మామ) తీర్పు చెప్పాడు. "పదో తరగతి దాక చదివినవ్ గదరా, ఎట్లనో అట్ల నువ్వే ముగించు."

అన్నదే తడవుగా టీవీ పక్కన నిలబడ్డాను. నా ముగింపులో పడవవాడు దేవుణ్ణి పిలవడు, కత్తి పట్టడు. శిల పక్కనే గుడిసె వేసుకుని, పొద్దంతా పడవ నడిపి, సాయంత్రం వచ్చి ఆ రోజు ముచ్చట్లన్నీ శిలకు చెబుతాడు. తల నెరిశాక శాపం తీరి ఆమె కళ్ళు తెరుస్తుంది. ప్రతి వారం ఇక్కడే మామ అడ్డుపడేవాడు. "గుర్తు పడుతదారా? తల తెల్లగైంది గద." నాలుగేళ్ళుగా ఇల్లు చూడని మనిషి, సెలవు దగ్గరపడుతున్న మనిషి. "పడుతది మామా, గొంతు రోజు ఇంటది గద" అనేవాణ్ణి. మామ నెమ్మదిగా బీడీ ముట్టించుకునేవాడు. కొన్నాళ్ళకు అది నేను కట్టిన కథ అన్న సంగతి వాళ్ళూ మరిచిపోయారు, నేనూ మరిచిపోయాను.

అప్పుడు దిగాడు టాకీసు. జగిత్యాల సినిమా హాల్లో గేట్‌కీపరుగా చేసి వచ్చినవాడు కాబట్టి ఆ పేరు. ఆఖరి బస్సుతో పనిలేని మనిషి. ఆ శుక్రవారం వాణ్ణి ముందు కూర్చోబెట్టారు. తెర మీద చుక్కలు రాగానే లేచాను. ఎలాగో ముగించాను. గదంతా వాడి వైపు తిరిగింది.

"నువ్వు మస్తుసార్లు చూసినవ్ గద," మామ మెల్లగా అడిగాడు. "గుర్తు పడుతదా?"

టాకీసు ఒకసారి మామ ముఖం చూశాడు. మూలన తాడుతో బిగించిపెట్టుకున్న మామ అట్టపెట్టె చూశాడు. "గంతే మామా, హాల్ల గూడ గిట్లనే ఉంటది. ఈనె ఇంకింత మంచిగ చెప్పిండు" అన్నాడు. ఆ రోజు నేను నేల మీద నడవలేదు.

మామ ఊరికి పోయి, తన గొంతు రికార్డు చేసిన క్యాసెట్టు ఒకటి మాకు పంపాడు. "మీ అత్త గుర్తు వట్టిందిరా. గింత నల్లగైనవేందని నవ్వింది, గంతే."

మొన్న మనవరాలు ఆ సినిమా పూర్తి ప్రింటు టీవీలో పెట్టింది. నేనూ మా ఆవిడా కదలకుండా చూశాం. శిల కళ్ళు తెరిచింది. పడవవాణ్ణి చూసి "ఎవరు నువ్వు?" అంది, మబ్బుల్లోకి వెళ్ళిపోయింది. రోజూ గేటు దగ్గర నిలబడి ఇది చూసిన టాకీసు, ఆ రోజు మామ కోసం మాట మార్చాడన్నమాట. వాడు ఎదురుగా ఉంటే దండం పెట్టేవాణ్ణి. అయినా నేను మంచిగా చెప్పానన్నది మాత్రం అబద్ధం కాదు, ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

మా ఆవిడ టీవీ కట్టేసింది. "గిదేం ముగింపు? దుబాయ్ల నువ్వు చెప్పేటోనివట గద, అది చెప్పు" అంది (ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు అది దుబాయే).

గొంతు సవరించుకుని, ఒకప్పటి నేను, క్యాంపులో ఆ పిల్లగాడు, నిలబడ్డట్టే టీవీ పక్కన నిలబడ్డాను. మోకాళ్ళు మాత్రం వాడివి కావు. పడవవాడి తల నెరిసిన చోటికి వచ్చేసరికి ఆమె నా తల వైపు చూసి నవ్వింది.

"చాలు తియ్. గుర్తు వట్టిన."