అడగని మాట

డిజిటల్ పియానోను కంప్యూటర్‌కో స్పీకర్లకో కలపాలంటే సంగీత వాద్యాల షాపువాళ్లు ఇళ్లకు పంపేది వైర్ల బాబాయినే. వైరు కొసను చొక్కా అంచుతో తుడిచి గుచ్చుతాడు, ఒక్క మీట నొక్కి తలవంచి వింటాడు. ఒక ఇంట్లో పియానో ఎంతకీ కంప్యూటర్‌తో కలవలేదు. విసుగొచ్చి, పియానోలో ఉన్నదంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఇట్టే కలిసింది.

"అయిపోయిందమ్మా!" అన్నాడు సంబరంగా.

ఇంటావిడ ఆత్రంగా వచ్చి పియానోలో వెతికింది. "మా అమ్మ పోయేముందు వాయించింది ఇందులో రికార్డయి ఉండాలండీ. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుందామనే మిమ్మల్ని పిలిచాను."

"ఉన్నదంతా చెరిపేశానమ్మా" అన్నాడు బాబాయి. "పోనీలెండి, మీకు తెలీదుగా" అంటూ ఆవిడే మంచినీళ్లు తెచ్చిచ్చింది. అడిగి ఉంటే తెలిసేది.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ముందుగా, "ఇందులో ఎవరైనా వాయించింది ఉందా అమ్మా?" అంటాడు. లేదనే చెబుతారు చాలామంది. అయినా మరోసారి అడుగుతాడు.