మోకాళ్ల నొప్పని చెప్పి పోయిన దవాఖాన

నాకు రాసుడు రాదు, చెప్తున్న. రాసెటామెకు ముందే అన్న, నా గొంతు పెద్దది, చెవులు మూసుకోకు అని. మా ఇంట్ల బట్టలు నేసే సాంచాలుండేటివి. పొద్దంత దడదడ. ఉప్పు కావాల్నన్నా అరవాలె, ప్రేమున్నా అరవాలె. నేనూ మా ఆయనా ముచ్చట పెట్టుకుంటే బజారోళ్లు కొట్లాట అనుకునేటోళ్లు. సగం సార్లు కొట్లాటే.

గా మనిషి పోయిండు. రొమ్ముల నొస్తుంటే గ్యాస్ అన్నడు, సోడా తాగిండు, సాంచా కాడికి పోయి ఆడ్నే కూలవడ్డడు. అందరు ఏడ్చిన్రు. నాకు ఏడుపు రాలే, తిట్లొచ్చినయి. నోరు తెరవంగనే మా ఆడబిడ్డ చెయ్యి అడ్డం పెట్టింది. "వదినె, పోయినోన్ని తిడ్తరా? మా అన్న దేవుడు." బతికున్నన్నాళ్లు తాగుబోతని నాకంటె ఎక్కువ తిట్టింది ఈమెనే. ఫొటోకు దండ వడంగనే దేవుడైండు. నా తిట్లు గొంతుల్నే ఉన్నయి, బువ్వ దిగుతలేదు.

ఇగ ఇంట్లోళ్లు వైద్యం మొదలువెట్టిన్రు. ఆరెంపీ నిద్రగోలి ఇచ్చిండు. పండుకున్న, లేచిన, తిట్లు ఆడ్నే ఉన్నయి. మా మరిది జమ్మికుంటల ఊపిరి పీల్చుడు నేర్పే సారు కాడికి తీస్కపోయిండు. సారు కండ్లు మూసుకొని, "అమ్మా, మీ భర్త గాలిలో కలిసిపోయారు. మెల్లగా లోపలికి పీల్చుకోండి" అన్నడు.

"సారూ, బతికినన్నాళ్లు ఆయన బీడి పొగ పీల్చిన. ఇంకా పీల్చాల్నా?"

మరిది నన్ను రెక్కవట్టి బయటికి గుంజుకొచ్చిండు.

మా వాడల ఆశ వర్కర్ పని చేసే పిల్ల ఒకదినం మెల్లగ చెప్పింది. "పెద్దమ్మా, కరీంనగర్ల మనసు బాధ వినే డాక్టరమ్మ ఉన్నది. ఏం చెప్పినా వింటది."

"తిడితే?"

"తిట్టినా వింటది."

ఆడబిడ్డకు పరేషాన్ అయింది. పిచ్చి దవాఖానకు పోయిందంటరు, ఇజ్జత్ పోతదన్నది. ఆఖరికి మోకాళ్ల నొప్పని బజార్ల చెప్పిన్రు. పక్కింటామె నువ్వుల నూనె ఇచ్చింది. "వదినె, జర కుంటుకుంట ఆటో ఎక్కు" అన్నది ఆడబిడ్డ. కుంటిన.

డాక్టరమ్మ అర్రల నా ఎంబడి ఆడబిడ్డ, మరిది ఇద్దరూ చొరవడ్డరు. డాక్టరమ్మ నన్ను చూసి, "ఎట్లున్నరమ్మా?" అన్నది.

"మంచిగనే ఉన్నది మేడమ్, దేవుడసొంటి మనిషి పోయిండని రంధి" అన్నది ఆడబిడ్డ.

"నిద్ర పడుతున్నదా?"

"పడ్తది మేడమ్" అన్నడు మరిది.

నా నిద్ర సంగతి నాకంటె వాళ్లకే ఎక్కువ ఎరుక. డాక్టరమ్మ ఇద్దర్ని బయటికి పంపి తలుపేసింది. "ఇక్కడ చెప్పింది బయటికి పోదు" అన్నది. పాపం, నా గొంతు సంగతి ఆమెకు తెల్వది.

మొదలువెట్టిన. తాగుడు కాడికెల్లి సోడా దాక తిట్టిన. "నీ గ్యాస్ల మన్నువొయ్య. నొస్తుందని ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేరా? సాంచా బంద్ చేసి నిన్ను భుజం మీదేసుకొని దవాఖానకు ఉరుకకపోదునా?" గప్పుడొచ్చింది ఏడుపు. డాక్టరమ్మ ఓదార్చలే, ఆపమనలే. కూసోని విన్నది.

తలుపు తీస్తే బయట లైన్ల ఉన్నోళ్లంత నా దిక్కే చూస్తున్నరు. చిట్టి పట్టుకొని కూసున్న ముసలామె అన్నది, "మా ఆయన గూడ గట్లనే గ్యాసన్నడు బిడ్డా."

ఆడబిడ్డ మొఖం మాడ్చుకొని ఆటో ఎక్కింది. చొప్పదండి తొవ్వ పట్టినంక నోరు ఇప్పింది. "మా అన్నకు చిన్నప్పటి సంది గ్యాసే."

"గ్యాసయితే లేశి రమ్మను."

"నువ్వు కూరల కారం దండిగ ఏస్తివి."

"లేకుంటె తినకపోతుండె మీ అన్న."

"మొండోడు. మా అవ్వ మాట గూడ ఎన్నడు వినలే."

దేవున్ని మొండోడన్నదని నేను అనలే. మల్ల నా నోరు మూస్తదని భయం. మరిది ఆటోల ఎవరన్న వింటరని బతిమాలిండు. మేం ఆపలే. ఇంటికచ్చెదాక ఇద్దరం ఆయన్నే తిట్టుకుంటొచ్చినం. ఆటో దిగంగనే పక్కింటామె మోకాళ్లెట్లున్నయని అడిగింది. కుంటుడు మర్చిపోయిన.

గా పూట బువ్వ దిగింది. ఆడబిడ్డే వడ్డించింది, తిట్టుకుంటనే.

మల్ల వారం రమ్మన్నది డాక్టరమ్మ. పోత. ఆడబిడ్డ గూడ వస్తదంట. ఆమెకు గూడ మోకాళ్లు నొస్తున్నయని బజార్ల చెప్పింది.