తుఫాను చూడటానికి అక్క మేడ

ఆ వీధి సెలూనులో ఎవరైనా సగం గడ్డంతో కూర్చుని దిక్కులు చూస్తున్నారంటే, సముద్రంలో ఎక్కడో వాయుగుండం పుట్టిందని అర్థం. సెలూను నడిపే మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది గానీ, అందరూ పిలిచేది సుడిగాలి అనే. మంచివాడు. చెయ్యి తేలిక, కత్తి పడితే రక్తపు చుక్క కనబడదు. కాకపోతే అల్పపీడనం అన్న మాట చెవిన పడిందా, ఇక ఈ లోకంలో ఉండడు. నురగ పూసిన మొహాన్ని అలాగే వదిలేసి, గుమ్మంలోకి పరిగెత్తి మబ్బు చూసొస్తాడు. కుర్చీలో ఉన్నవాడి తల పట్టుకుని టీవీ వైపు తిప్పుతాడు.

"చూడండి సార్, ఆ తెల్లటి సుడి! ఎంత ముద్దుగా తిరుగుతోందో!"

"ముందు నా చెవి తెగకుండా చూడవయ్యా బాబూ!"

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, పాపం, తప్పుపట్టబుద్ధి కాదు. ఏళ్ళ తరబడి ఒకే అద్దం ముందు నిలబడే మనిషికి, ఆకాశమంతటిది ఒకటి తన ఊరివైపే కదిలొస్తోందంటే ఒళ్ళు పులకరించదూ?

తుఫాను చూడటానికి అతనికో చోటుంది. అది అక్క ఇంటి మేడ. అక్క సముద్రపు గోడ పక్క వీధిలో, కింది గదిలో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతోంది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచి పెద్దచేసింది ఆవిడే. హెచ్చరిక వచ్చిందంటే చాలు, సెలూను షట్టరు దించేసి, సైకిలెక్కి అక్కడ వాలేవాడు.

"అక్కా, వచ్చేస్తోంది! ఈసారిది మామూలుది కాదు! నువ్వు మా ఇంటికెళ్ళిపో!" అని అరుస్తూనే రెండేసి మెట్లెక్కి మేడ మీదికి పోయేవాడు.

అక్క మొదట్లో నమ్మింది. మిషను తల విప్పి గోనెలో చుట్టుకుని, కుట్టాల్సిన బట్టలు మూటగట్టుకుని ఊరి లోపలున్న తమ్ముడి ఇంటికి చేరేది. ఎన్నిసార్లు చేరినా తుఫాను పక్కకు తిరిగి ఇంకెక్కడికో పోయేది. ఒకసారి తిరిగొచ్చి సామాను సర్దుకుంటుంటే, మేడ దిగుతున్న తమ్ముడి మొహం కంటబడింది. ఊరు బతికిపోయిందన్న సంతోషం మచ్చుకైనా లేదు. ఆట మధ్యలో ఇంట్లోకి లాక్కొచ్చిన పిల్లాడిలా ఉన్నాడు. ఆ రోజు నుంచి ఆవిడ కదలడం మానేసింది.

ఈ ఏడాది వచ్చినది వేరు. పొద్దున్నే సెలూను టీవీలో చూస్తే, గీత గీసినట్టు తిన్నగా ఈ ఊరిమీదికే వస్తోంది. సుడి మధ్యలో కన్ను గుండ్రంగా తెరుచుకుని ఉంది. ఇన్నేళ్ళుగా అతను ఎదురుచూసింది సరిగ్గా అలాంటిదాని కోసమే. కానీ రావాల్సిన ఉత్సాహం రాలేదు. కళ్ళ ముందు మెదిలింది కింది గది, అందులో మిషను ముందు కూర్చున్న అక్క.

"మిగతాది తరవాత చేస్తాను సార్. ఇంటికెళ్ళి తలుపులేసుకోండి," అని కుర్చీలో ఉన్నాయన మెడకు కట్టిన గుడ్డ విప్పేశాడు.

అతను వెళ్ళేసరికి అక్క చొక్కాకి కాలరు వేస్తోంది. తలెత్తకుండానే అంది.

"వచ్చావా? మేడ తలుపు తీసే ఉంది, ఎక్కు."

"అక్కా, మా ఇంటికి పద."

"నిన్ను నమ్మి నేను మోసిన మూటలు చాలు గానీ, నన్ను పని చేసుకోనీరా."

"ఇది నిజంగా వస్తోందక్కా!"

"అన్నీ నిజంగానే వచ్చాయి నాయనా. ఇక్కడిదాకా రాలేదంతే."

ప్రళయమనీ, ఊరు కొట్టుకుపోతుందనీ ఉన్న పెద్ద మాటలన్నీ చిన్నాచితకా వానలకే ఖర్చుపెట్టేసుకున్నాడు. అసలైనదానికి ఒక్కటీ మిగల్లేదు. నేలమీద కూర్చుని, మిషను తల బిగించిన మరలు తిప్పడం మొదలుపెట్టాడు. స్క్రూడ్రైవరు జారి బొటనవేలు చీరుకుంది. ఆ సంగతే పట్టించుకోలేదు.

అక్క పెడలు మీంచి కాలు తీసి, అతనివైపు చూసింది.

"మేడెక్కవట్రా?"

"ఎక్కను."

"కెరటాలు చూడవూ?"

"నాకేమీ వద్దక్కా. నువ్వు పద."

ఆవిడ కుడుతున్న చొక్కా మడిచి పక్కన పెట్టింది. తరవాత లేచి, "అలాక్కాదు, ఇలా తే," అని స్క్రూడ్రైవరు తీసుకుని మరలు తనే విప్పింది.

మధ్యాహ్నం తుఫాను ఊరిమీద పడింది. తమ్ముడి ఇంటి కిటికీలు విరిగిపోతాయేమో అన్నంతగా కొట్టుకున్నాయి. అతను ఒక్కసారి కూడా వాటివైపు తిరగలేదు. గోడవారన అక్క పక్కనే ముడుచుకుని కూర్చున్నాడు.

మర్నాడు ఇద్దరూ వెళ్ళి చూశారు. సముద్రపు గోడ విరిగి, కింది గదిలోంచి నీళ్ళు తోసుకుపోయాయి. తలుపు లేదు, వెనక గోడ లేదు. కిటికీ అంచుదాకా ఇసుక మేట వేసి ఉంది. అతను ఆ బురదలోనే కూలబడి భోరుమన్నాడు.

"ఇది రావాలని ఇన్నేళ్ళూ కోరుకున్నానక్కా!"

"నువ్వు కోరుకుంటే వస్తుందట్రా పిచ్చోడా!" అని అక్క అతని తలమీద చెయ్యి వేసింది. "ఇన్నేళ్ళూ నా గుమ్మంలోకి తుఫాను కోసం వచ్చేవాడివి. నిన్న నాకోసం వచ్చావు. అందుకే లేచొచ్చాను."