రంగులాయన నెత్తురు పరీక్ష

రంగుల దుకాణంలో ఏళ్ల తరబడి డబ్బాలు కుదిపి రంగులు కలిపిన చెయ్యి ఊరికే ఉంటుందా? మూతున్న వస్తువు ఏది కనబడినా సరే, అందుకుని గట్టిగా కుదిపేస్తాడు. నీళ్ల సీసానైనా వదలడు. వీధిలో అందరూ ఆయన్ని రంగులాయన అంటారు.

ఆయన అన్న నడివయసు రాకుండానే గుండెపోటుతో పోయాడు. అప్పటినుంచి ఇంటావిడకి ఒకటే బెంగ. ఈయనకేమో లెక్కే లేదు. "నా ఒంట్లో కొవ్వెక్కడుందే? గాలి వీస్తే ఎగిరిపోతాను" అని నవ్వేసేవాడు. పెద్దాసుపత్రిలో ఇలాంటి కుటుంబాల మీద పరిశోధన జరుగుతోందని విని, ఆవిడే పోరుపెట్టి పంపింది.

అక్కడ పరిశోధన చేసే అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. "మన కణాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏలని చిన్న చిన్న తునకలుంటాయి బాబాయ్. వాటిలో ఒక రకం, కొలెస్ట్రాల్ని కణం లోంచి బయటికి పోనివ్వకుండా అడ్డం పడుతుంది. అలాంటివి మీ నెత్తుర్లో ఎన్నున్నాయో చూస్తాం."

"అంటే, గేటుకి అడ్డంగా కుర్చీ వేసుకున్న వాచ్‌మన్ అన్నమాట!"

చిన్న గొట్టంలోకి నెత్తురు తీసి, లేబుల్ కోసం ఆ అమ్మాయి అటు తిరిగింది. ఈయన ఊరుకుంటేగా! అడుక్కి పేరుకుపోతుందేమోనని గొట్టాన్ని అందుకుని, శక్తికొద్దీ కుదిపి పెట్టాడు. సాయం చేశాననే అనుకున్నాడు పాపం.

మర్నాడు ఫోనొచ్చింది. "గొట్టం గానీ కుదిపారా బాబాయ్? ఎర్రకణాలు పగిలి, వాటిలో ఉన్న మైక్రో ఆర్‌ఎన్‌ఏలు కూడా కలిసిపోయాయి. లెక్క తప్పింది. ఇంకోసారి రాగలరా?"

సిగ్గుతో చచ్చినంత పనయి, వెంటనే బయల్దేరాడు. ఆసుపత్రిలో లిఫ్టు పాడైంది. మెట్లెక్కి వచ్చి, తలుపు దగ్గరే ఆగి ఛాతీ పట్టుకున్నాడు. ఒళ్లంతా చెమటలు. "ఏం లేదమ్మా, ఆయాసం" అన్నాడు గానీ, ఆ అమ్మాయి వినలేదు. చక్రాల కుర్చీ తెప్పించి, తనే తోసుకుంటూ గుండె డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. రక్తనాళం దాదాపు మూసుకుపోయి ఉంది. సాయంత్రానికల్లా స్టెంటు వేశారు.

కోలుకున్నాక మళ్లీ వెళ్లి, ఆ అమ్మాయికి చేతులు జోడించాడు. "మీ మైక్రో ఏదో నన్ను బతికించిందమ్మా."

"అదింకా పరిశోధనలోనే ఉంది బాబాయ్. మిమ్మల్ని బతికించింది డాక్టర్లు."

"వాళ్లకీ దణ్ణం పెట్టే వచ్చాను. కానీ నువ్వు పిలవకపోతే, ఆ వేళ దుకాణంలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి తల్లీ." కన్నకూతురి మీద ఉన్నంత ప్రేమ ఆ అమ్మాయి మీద పుట్టుకొచ్చిందాయనకి.

కళ్లు తుడుచుకుని, వరండాలో కూర్చున్న మనిషిని లోపలికి రమ్మన్నాడు. ఉద్యోగానికి సెలవు పెట్టించి మరీ వెంట తెచ్చాడు.

"మా అన్న కూతురమ్మా. దీన్ని కూడా చూడు. మా అన్నని ఇలా రమ్మని పిలిచినవాళ్లు ఎవరూ లేకపోయారు."